తాకట్టులో ఇల్లు, మనసులో అపోహలు
(ఇంటి అప్పుల విషయమై సభ్యుల అధ్యయన తరగతిలో సమాఖ్య పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



జీతభత్యాలను గురించి, బదిలీలను గురించి, పింఛనును గురించి ఈ తరగతులలో మనం ఎన్నోసార్లు చర్చించుకున్నాము. నేడు మేము ఎంచుకున్న విషయం సభలో ఎవరూ లేచి అడగనిది. సభ ముగిసి అందరూ టీ తాగుతున్న వేళ ఒక సభ్యుడు శాఖా కార్యదర్శిని పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగేది. "నాలుగు నెలలుగా కిస్తు కట్టలేకపోయాను. ఇల్లు అమ్మేద్దామంటే వచ్చే ధర కంటె అప్పే ఎక్కువగా ఉన్నది. ఏం చేయమంటారండీ?" అన్న ప్రశ్న అది. ఈ ప్రశ్న మా వద్దకు వచ్చేసరికి చాలామంది విషయంలో సగం దారులు మూసుకుపోయి ఉంటున్నవి. ఆ దారులను మూసినది బ్యాంకు ఒక్కటే కాదు. మన మనసులలో పాతుకుపోయిన కొన్ని అపోహలు కూడా వాటిని మూశాయి. వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించడమే నేటి మా ప్రయత్నం.

ఇంటి విలువ కంటె అప్పు ఎక్కువైనప్పుడు, అప్పిచ్చినవాని సమ్మతితో తక్కువ ధరకే ఇల్లు అమ్మి ఆ సొమ్మును అతనికి చెల్లించే పద్ధతిని అమెరికాలో "షార్ట్ సేల్" అంటారు. 2007, 2008 సంవత్సరాలలో అక్కడ ఇళ్ళ ధరలు కూలిపోయినప్పుడు ఈ మాట ఇంటింటా వినిపించింది. మన దేశంలో ఆ పేరుతో చట్టమేదీ లేదు. అయినా ఆ పని మన దగ్గర అసాధ్యం కాదు. అప్పిచ్చినవారి వ్రాతపూర్వకమైన అనుమతి, కొనేవారితో ఒప్పందం, మిగిలిన బాకీపై రాజీ అనే మూడింటినీ కలుపుకొంటే మన దగ్గర కూడా అదే ఫలితం సాధించవచ్చును. అయితే దానికి కాలం కావాలి. ఆ కాలాన్ని అపోహలు మింగివేస్తున్నవి.

మొదటి అపోహ: "అప్పు తీరేదాకా ఇల్లు అమ్మడానికి వీలు లేదు."

ఇది నిజం కాదు. తాకట్టులో ఉన్న ఇంటిని అమ్మవచ్చును. కాని దొంగచాటుగా అమ్మరాదు. ముందుగా బ్యాంకుకు వ్రాసి, ఫలానా తేదీ నాటికి మొత్తం బాకీ ఎంతో, తమ వద్ద ఉన్న దస్తావేజులేవో తెలియజేస్తూ లేఖ తీసుకోవాలి. కొనే వ్యక్తి తాను ఇవ్వవలసిన ధరలో బాకీ మేరకు నేరుగా మన అప్పు ఖాతాకు జమచేస్తాడు. అతడు కూడా అప్పు తీసుకొని కొంటున్నట్లయితే అతని బ్యాంకే మన బ్యాంకుకు చెల్లిస్తుంది. బాకీ తీరిన తరువాత దస్తావేజులు విడుదలై రిజిస్ట్రేషను జరుగుతుంది. పూర్తి బాకీ తీర్చిన 30 రోజులలోగా అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలనీ, తమ తప్పు వల్ల ఆలస్యం చేస్తే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలనీ రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. వ్యక్తులు తమ పేర తీసుకున్న ఇంటి అప్పు మారే వడ్డీపై ఉన్నట్లయితే, ముందుగా తీర్చినందుకు బ్యాంకులు జరిమానా వసూలు చేయరాదని 2012లోనే నిర్ణయమైనది.

కొందరు దళారులు మరొక దారి చూపుతారు. "బ్యాంకుకు చెప్పనక్కరలేదు, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ వ్రాసి ఇవ్వండి చాలు" అంటారు. అటువంటి పత్రాల ద్వారా స్థిరాస్తిపై హక్కు బదిలీ కాదని సుప్రీం కోర్టు 2011లో స్పష్టం చేసింది. ఇల్లు పరుల చేతికి పోతుంది, అప్పు మన పేరనే నిలిచిపోతుంది. ఇంతకంటె చెడ్డ బేరం లేదు.

రెండవ అపోహ: "రెండు మూడు కిస్తులు తప్పితే ఏమవుతుంది? కోర్టులో కేసు తేలేసరికి పదేళ్ళు పడుతుంది."

ఇది మన తండ్రుల కాలంనాటి లెక్క. 2002 నాటి సర్ఫేసీ చట్టం దానిని మార్చివేసింది. తాకట్టు ఆస్తిని కోర్టు డిక్రీ లేకుండానే స్వాధీనం చేసుకొని అమ్ముకొనే అధికారం బ్యాంకులకు, గృహ ఋణ సంస్థలకు ఈ చట్టం ఇచ్చింది. సహకార బ్యాంకులకు కూడా ఇది వర్తిస్తుందని 2020లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. కనుక "మన సహకార బ్యాంకే గదా" అన్న ధీమాకు ఆధారం లేదు.

లెక్క చూడండి. బాకీ 90 రోజులు దాటితే ఖాతా నిరర్థక ఆస్తిగా మారుతుంది. అటుపై 60 రోజుల గడువుతో డిమాండు నోటీసు వస్తుంది. ఆ గడువు దాటితే స్వాధీనం, ఆ తరువాత 30 రోజుల గడువుతో అమ్మకపు నోటీసు. మూడింటినీ కూడితే 180 రోజులు. ఆచరణలో ఇంతకంటె ఎక్కువ కాలమే పట్టవచ్చును. కాని చట్టరీత్యా మనం నమ్ముకోదగినది పదేళ్ళు కాదు, ఆరు మాసాలు. ఆ ఆరు మాసాలూ కూడా పూర్తిగా మనవి కావని ఇకముందు చెప్పబోతున్నాము.

మూడవ అపోహ: "నోటీసు పుచ్చుకోకపోతే అది అందనట్లే."

ఈ మాట ఇతరులు అంటే అర్థం చేసుకోవచ్చును. కాని ఉత్తరాలు బట్వాడా చేసే మన సోదరులే అంటుంటే ఏమనాలి? "తీసుకొనుటకు నిరాకరించినారు" అని కవరుపై ఎన్నిసార్లు వ్రాశారో, ఆ వ్రాతకు కోర్టులో ఎంత విలువ ఉన్నదో వారికి తెలియనిదా? 2025లో రిజిస్టరు పోస్టు స్పీడు పోస్టులో విలీనమైనది గాని ఆ సూత్రం మారలేదు. నోటీసు తప్పించుకుంటున్నారని తోస్తే ఇంటి తలుపుపై అంటించి, రెండు పత్రికలలో ప్రకటించవచ్చునని నిబంధనలు చెబుతున్నవి. ఆ పత్రికలలో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. అనగా, రహస్యంగా ఉంచాలనుకున్న సంగతి వీధిలోని వారందరికీ తెలిసిపోతుంది.

బదిలీలపై తిరిగే రైల్వే ఉద్యోగులకు మరొక ప్రమాదం ఉన్నది. విజయవాడలో ఇల్లు కొని ఖరగ్‌పూర్‌కో, నాగపూర్‌కో వెళ్ళినవారు చిరునామా మార్పును బ్యాంకుకు తెలియజేయరు. నోటీసు పాత చిరునామాకు వెళ్ళి తిరుగుతూ ఉంటుంది. ఇక్కడ గడువు కరిగిపోతూ ఉంటుంది. చిరునామా మారిన వారంలోనే బ్యాంకుకు వ్రాసి, అందినట్లు రసీదు తీసుకోండి.

నోటీసు అందినప్పుడు మనకొక హక్కు కూడా వస్తుంది. మన అభ్యంతరాలను వ్రాసి పంపితే 15 రోజులలోగా కారణాలతో జవాబు ఇవ్వవలసిన బాధ్యత బ్యాంకుది. నోటీసు పుచ్చుకోనివాడు ఈ హక్కునే వదులుకున్నవాడవుతాడు.

నాలుగవ అపోహ: "వేలం పాట పూర్తయ్యేలోగా ఎప్పుడైనా డబ్బు కట్టి ఇల్లు విడిపించుకోవచ్చును."

అన్నిటిలోనూ ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇది. ఒకప్పుడు ఇది చాలవరకు నిజం. అమ్మకానికి నిర్ణయించిన తేదీ వరకు బాకీ చెల్లించి ఆస్తిని కాపాడుకొనే వీలుండేది. 2016లో చట్టాన్ని సవరించారు. వేలం నోటీసు ప్రకటించే నాటికి ముందే మొత్తం బాకీ, ఖర్చులతో సహా, చెల్లించాలి. ప్రకటన వెలువడిన తరువాత విడిపించుకొనే హక్కు ఉండదు. 2023లో సుప్రీం కోర్టు ఈ భావాన్నే ఖరారు చేసింది. చెల్లెలి నగలు, బావమరిది అప్పు, సొసైటీ ఋణం అన్నీ పోగుచేసుకొని వేలం రోజు ఉదయం పరుగెత్తుకొని వెళ్ళినవానికి "మీరు ఆలస్యం చేశారు" అన్న జవాబే దొరుకుతుంది. ఇందాక చెప్పిన 180 రోజులలో చివరి 30 రోజులు మనవి కావు. మనకున్నవి 150 రోజులే అనుకొని నడుచుకోవాలి.

ఐదవ అపోహ: "తాళాలు అప్పగిస్తే అప్పు తీరిపోయినట్లే."

ఇల్లు అప్పుకు హామీ మాత్రమే. వేలంలో వచ్చిన సొమ్ము బాకీకి చాలకపోతే మిగతాదానికై ఋణ వసూలు ట్రిబ్యునలునో, కోర్టునో ఆశ్రయించే హక్కు బ్యాంకుకు ఉన్నది. బాకీ కంటె ఎక్కువ వస్తే మిగులును మనకు ఇవ్వవలసిన బాధ్యత కూడా ఉన్నది. ఈ రెండవ సంగతిని అడగకుండా ఊరుకున్నవారు కూడా లేకపోలేదు.

ఉదాహరణకు, ఒక సార్టింగు అసిస్టెంటు ఇంటిపై 30 లక్షల బాకీ ఉన్నదనుకుందాము. తానే కొనేవారిని వెతికితే 26 లక్షలు వచ్చే అవకాశమున్నది. తేడా 4 లక్షలు. అతడు ఆ పని చేయక, వేలందాకా పోనిచ్చి, అక్కడ 22 లక్షలు మాత్రమే పలికితే తేడా 8 లక్షలు. దానిపై ఈలోగా పెరిగిన వడ్డీ, స్వాధీనపు ఖర్చులు, ప్రకటనల ఖర్చులు. ఇల్లు రెండు విధాలా పోయింది. కాని మొదటి దారిలో మిగిలిన అప్పు ఒక సహోద్యోగి సహాయంతోనైనా తీర్చదగినది. రెండవ దారిలో మిగిలినది పదవీ విరమణ దాకా వెంటాడేది.

ఆరవ అపోహ: "ధర విషయంలో మనకు నోరు లేదు."

స్వాధీనం చేసుకున్న ఆస్తిని అమ్మేముందు ఆమోదం పొందిన మదింపుదారుచే విలువ కట్టించి, రిజర్వు ధర నిర్ణయించాలి. బహిరంగ వేలమే గాక ప్రైవేటు ఒప్పందం ద్వారా అమ్మడానికి కూడా నిబంధనలు చోటిచ్చాయి. వేలంలో రిజర్వు ధర కంటె ఎక్కువ రానప్పుడు, అప్పు తీసుకున్నవాని సమ్మతి, అప్పిచ్చినవారి సమ్మతి ఉంటేనే ఉన్న ధరకు అమ్మవచ్చును. అనగా ఆ దశలో కూడా మన సంతకానికి విలువ ఉన్నది. చదవకుండా సంతకం చేయకండి. స్వాధీన చర్యలో అన్యాయం జరిగిందనుకుంటే 45 రోజులలోగా ఋణ వసూలు ట్రిబ్యునలుకు దరఖాస్తు పెట్టుకోవచ్చును. హైదరాబాదులోనూ, విశాఖపట్నంలోనూ ఇవి ఉన్నవి. తొలుత ఈ దరఖాస్తుకు బ్యాంకు కోరిన సొమ్ములో 75 శాతం ముందుగా జమకట్టాలన్న షరతు ఉండేది. దానిని 2004లో సుప్రీం కోర్టు కొట్టివేసింది.

మరొక జాగ్రత్త. 60 రోజుల నోటీసు అందిన తరువాత బ్యాంకు వ్రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఆ ఇంటిని అమ్మరాదు, అద్దె ఒప్పందం ద్వారా కూడా బదలాయించరాదు. కనుక కొనేవారిని వెతకడానికి మంచి సమయం నోటీసు రాకముందే.

ఏడవ అపోహ: "తక్కువకు రాజీ పడవలసిన బాధ్యత బ్యాంకుదే. ఎలాగూ రద్దు చేస్తారు గదా!"

పెద్ద కంపెనీల బాకీలను బ్యాంకులు పద్దులలో కొట్టివేశాయన్న వార్తలు చదివి మనవారికి ఈ భ్రమ కలిగింది. పద్దులో కొట్టివేయడం వేరు, మాఫీ వేరు. పద్దులో కొట్టివేసినంత మాత్రాన అప్పు తీసుకున్నవాని బాధ్యత పోదు, వసూలు ఆగదు. ఏకకాల పరిష్కారం హక్కుగా కోరదగినది కాదని 2021లో సుప్రీం కోర్టు చెప్పింది. అది బేరం. బేరంలో బలం ఎవరికుంటుంది? కొనేవానిని చేతిలో ఉంచుకొని, లెక్కలు వ్రాసుకొని, కారణాలకు ఆధారాలు చూపి, ముందుగా వెళ్ళినవానికి ఉంటుంది. ఇంట్లో జబ్బు చేసి ఖర్చయితే ఆసుపత్రి కాగితాలు, జీతం తగ్గితే జీతపు చీటీలు వెంట తీసుకొని వెళ్ళండి.

రాజీ కుదిరితే అది కాగితం మీద ఉండాలి. వసూలుకు వచ్చిన ఏజెంటు నోటిమాటకు విలువ లేదు. మిగిలిన బాకీని పూర్తిగా వదులుకుంటున్నట్లు, జామీనుదారులను కూడా విముక్తులను చేస్తున్నట్లు ఆ లేఖలో ఉండాలి. చెల్లించిన పిదప బాకీ లేదన్న పత్రం తీసుకోవాలి. ఇట్లా రాజీతో ముగిసిన ఖాతా ఋణ చరిత్రలో ఆ విధంగానే నమోదవుతుంది. తరువాత అప్పు దొరకడం కష్టమవుతుంది. ఆ నష్టాన్ని కూడా లెక్కలో వేసుకొనే నిర్ణయించుకోవాలి. ఇక వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తరువాత ఫోను చేయరాదని 2022లో రిజర్వు బ్యాంకు మరోసారి ఖండితంగా చెప్పింది. బెదిరింపులకు లొంగి ఎక్కడపడితే అక్కడ సంతకం చేయవలసిన అగత్యం లేదు.

ఎనిమిదవ అపోహ: "ప్రావిడెంటు ఫండు తీసి నాలుగు కిస్తులు కడితే అన్నీ సర్దుకుంటాయి."

ఈ మాట చెప్పడానికి మాకు బాధగా ఉన్నది. సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షను ఉద్యోగి బ్రతుకుకు కొంత రక్షణ ఇచ్చింది. ప్రభుత్వ పింఛను, ప్రావిడెంటు ఫండు జప్తుకు అతీతమైనవి. సాధారణ డిక్రీ అమలులో జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు తాకరానివి. లెక్కకు వచ్చే జీతం 61,000 రూపాయలైతే జప్తు చేయగలిగినది 20,000 మాత్రమే. ఒకే డిక్రీ క్రింద 24 నెలలు జప్తు జరిగితే ఆ డిక్రీకి సంబంధించినంత వరకు జీతం విముక్తమవుతుంది. ఇల్లు నిలుపుకొనే అవకాశం నిజంగా ఉన్నప్పుడు ఫండు తీయడంలో తప్పు లేదు. లేనప్పుడు, జప్తు చేయడానికి చట్టమే అనుమతించని సొమ్మును మన చేతులతో మనమే తెచ్చి పోసి, నాలుగు నెలల తరువాత ఇల్లు కూడా పోగొట్టుకుంటున్నాము. ముందు లెక్క వేయండి, తరువాత ఫండు వైపు చూడండి.

ప్రభుత్వం నుండి ఇంటి నిర్మాణపు అడ్వాన్సు తీసుకున్నవారి సంగతి వేరు. ఆ ఇల్లు భారత రాష్ట్రపతి పేర తాకట్టులో ఉంటుంది. శాఖ అనుమతి లేనిదే అమ్మరాదు. మిగిలిన బాకీని పదవీ విరమణ నాడు గ్రాట్యుటీ నుండి మినహాయించుకుంటారు. అక్కడ బ్యాంకు వేలం భయం లేకపోయినా, బాకీ మరుగున పడుతుందన్న ఆశ కూడా లేదు.

తొమ్మిదవ అపోహ జామీను సంతకాన్ని గురించినది: "ఊరికే సంతకం పెట్టమన్నాడు, పెట్టాను."

1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా ఉంటే తప్ప, అప్పు తీసుకున్నవానికి ఎంత బాధ్యత ఉన్నదో జామీను పడినవానికీ అంతే ఉన్నది. ఒకే గ్యాంగులో, ఒకే సెక్షనులో పనిచేస్తున్నవారు ఒకరికొకరు జామీను పడటం మనలో సహజం. అది మంచితనమే. కాని అప్పు తీసుకున్నవాడు నోరు మూసుకుంటే ఆ భారం ఏమీ తెలియని మిత్రుని సంసారంపై పడుతుంది. కిస్తు తప్పినప్పుడు బ్యాంకు కంటె ముందు తెలియవలసినది జామీనుదారుకే.

మిత్రులారా! ఇన్ని అపోహల వెనుక ఉన్నది ఒక్కటే. ఇల్లు అమ్మితే పరువు పోతుందన్న భయం. ఆ భయంతోనే నోటీసును ట్రంకుపెట్టె అడుగున బట్టల క్రింద దాచి, భార్యకు కూడా చెప్పకుండా డ్యూటీకి వెళ్ళి వస్తున్నవారు మనలో ఉన్నారు. ఆ నోటీసులోని 60 రోజులు పెట్టె అడుగున కూడా ఆగవు. ఆమె పేరు కూడా అప్పు పత్రంలో ఉన్నదేమో! తలుపుపై కాగితం అంటించిన నాడు ఆమెకు ఆ సంగతి తెలియడం కంటె, మన నోటి ద్వారా నేడే తెలియడం మేలు. పిల్లల చదువు, ఊరిలోని తల్లిదండ్రుల ఖర్చు, అద్దె ఇంటి బడ్జెటు అన్నీ ఇద్దరూ కూర్చొని లెక్క వేసుకోవలసినవే గదా.

కనుక మేము కోరేది ఇది. వరుసగా రెండవ కిస్తు తప్పకముందే మూడు అంకెలు ఒక కాగితంపై వ్రాసుకోండి. నేటికి మొత్తం బాకీ ఎంత, ఇంటికి నిజంగా వచ్చే ధర ఎంత, ఇకముందు నెలనెలా కట్టగలిగినది ఎంత. కట్టగలమనిపిస్తే కిస్తు తగ్గించమని, కాలపరిమితి పెంచమని బ్యాంకుకు వ్రాతపూర్వకంగా విజ్ఞప్తి చేయండి. కట్టలేమనిపిస్తే అమ్మకానికి అనుమతి కోరండి. ప్రతి ఉత్తరానికీ నకలు, రసీదు ఉంచుకోండి. అమ్మకంపై వచ్చే ఆదాయపు పన్నును లాభాన్ని బట్టి లెక్కిస్తారే గాని, అప్పు పోగా చేతికి మిగిలినదాన్ని బట్టి కాదు. ఆ సంగతి కూడా ముందే విచారించుకోండి. నోటీసు వచ్చిన పిదప న్యాయవాదిని చూడకుండా ఒక్క అడుగు కూడా వేయకండి.

శాఖా కార్యదర్శులకు మా విన్నపం. ఈ విషయంతో మీ వద్దకు వచ్చినవానిని "ఇంతెందుకు కొన్నావు" అని అడగకండి. "నోటీసు తేదీ ఏది" అని అడగండి. అతనిని కాపాడేది ఆ తేదీయే.

ఇల్లు పోయినవాడు మళ్ళీ ఇల్లు కట్టుకోవచ్చును. అప్పు వెంట పడనివాడు త్వరగా కట్టుకోగలడు. ఈ రెండింటి మధ్య తేడా అంతా, ఎప్పుడు నోరు విప్పామన్నదానిలో ఉన్నది. నేటి సభ ముగిసిన తరువాత మమ్మల్ని పక్కకు పిలిచి అడగాలనుకుంటున్న సోదరులు, సోదరీమణులు ఎవరైనా ఉంటే, మేము టీ వేళ దాటిన తరువాత కూడా ఇక్కడే ఉంటాము.